చలువ పందిట్లో సన్నాయి మేళం

శ్రీరామనవమి నాడు మిట్టమధ్యాహ్నం. తాటాకు పందిట్లో ఒకవైపు వడపప్పు పొట్లాలు కడుతున్నారు. ఇంకోవైపు పానకం బిందెలో మిరియాల పొడి కలుపుతున్నారు. పంతులుగారు సీతారాముల విగ్రహాలకు బాసికాలు కడుతున్నారు. ఇంత సందడిలోనూ ఓ మూల చాప మీద కూర్చున్న మనిషి మాత్రం పెదవి విప్పడు. ఆయన నోట్లో వేలి కణుపంత గడ్డిపీక నానుతోంది.

చైత్రమాసపు ఎండకు ఆ పీక ఊరికే ఎండిపోతుంది. ఎండితే పలకదు, పలికినా శ్రుతి నిలవదు. అందుకే వాయించే ముందు కాసేపు దాన్ని నోట్లో తడిపి మెత్తబరచాలి. పక్కనున్న డోలు విద్వాంసుడికి అదే ఎండతో ఇంకో పేచీ. వేడికి చర్మం బిగిసి, పొద్దున సరిచేసుకున్న నాదం మధ్యాహ్నానికి మారిపోతుంది. ముహూర్తం ముంచుకొస్తోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తల ఊగుతుంది. మొదటి స్వరం పందిరి దాటి, వీధి దాటి, ఊరి చివర మిరప కల్లాల దాకా వెళుతుంది.

మద్రాసు వాళ్ళకు సంగీతపు రుతువంటే డిసెంబరు. గుంటూరు, ప్రకాశం మైదానంలో అది వేసవి. పత్తి తీతలు ముగుస్తాయి. కల్లాల్లో ఎండిన మిరపకాయ టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు మిరప యార్డుకు చేరుతుంది, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. నవమి పందిళ్ళు లేస్తాయి. మేలో యార్డుకు వేసవి సెలవులిచ్చే నాటికి ఊళ్ళో పెళ్ళిళ్ళు జోరందుకుంటాయి. వైశాఖ బహుళ దశమికి హనుమజ్జయంతి. పొన్నూరు వీరాంజనేయస్వామి గుడి మొదలు పొలిమేర చిన్న గుళ్ళ దాకా ఆ రోజు మేళం మోగాల్సిందే. ఇన్ని వారాలపాటు, ఇన్ని ఊళ్ళలో, టికెట్టు లేకుండా, నేల మీద కూర్చుని దగ్గరగా వినగలిగే శాస్త్రీయ సంగీతం ఈ ప్రాంతంలో ఇంకొకటి లేదు. విచారమల్లా ఒక్కటే. సన్నాయి అందరి చెవినా పడుతుంది, చెవి ఒగ్గి వినేవాళ్ళే తక్కువ.

ఈ మట్టికి సన్నాయితో ఉన్న చుట్టరికం తెలియాలంటే ఒంగోలుకు దగ్గరలోని కరవది వెళ్ళాలి. బెజవాడ నుంచి గూడూరు వెళ్ళే రైలు మార్గంలో చిన్న స్టేషను. తరతరాలుగా నాదస్వరమే, అంటే ఈ సన్నాయే, జీవనంగా ఉన్న ఓ ముస్లిం కుటుంబంలో 1924లో షేక్ చిన మౌలానా అక్కడే పుట్టారు. అప్పటికి అది గుంటూరు జిల్లా ఊరు, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. తొలి గురువు తండ్రి కాశిం సాహెబ్. తర్వాత చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర చేరారు. చిలకలూరిపేట అంటే ఇప్పటివాళ్ళకు జాతీయ రహదారి మీది ఊరు, నూలుమిల్లుల ఊరు. సంగీతం తెలిసినవాళ్ళకు మాత్రం అదొక బాణీ పేరు.

ఆ రోజుల్లో సన్నాయి లోకమంతా ఒక్క మనిషి నాదానికి ఊగిపోయింది. ఆయన తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై. తోడి రాగం ఎత్తుకుంటే గంటల తరబడి వదలని విద్వాంసుడు. ఆ బాణీ చిన మౌలానాను పట్టుకుంది. అప్పటికే వాయించగలిగిన మనిషి, పేరు వస్తున్న మనిషి మళ్ళీ శిష్యుడయ్యారు. తంజావూరు సీమలోని నాచ్చియార్‌కోవిల్ వెళ్ళి రాజం, దురైకన్ను సోదరుల దగ్గర ఆ పద్ధతి నేర్చుకున్నారు. 1964లో శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. నమాజు మానని మనిషి రంగనాథుడి సన్నిధిలో నాదం సమర్పిస్తూ బతికారు. 1977లో పద్మశ్రీ, అదే ఏడాది సంగీత నాటక అకాడమీ పురస్కారం. 1982లో ఆయన శ్రీరంగంలో పెట్టిన నాదస్వర పాఠశాలకు శారద పేరు పెట్టారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా ఎంచుకుంది. సన్నాయి విద్వాంసులకు అరుదుగా దక్కే గౌరవమది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో శ్రీరంగంలోనే కన్నుమూశారు. మనవలు కాశిం, బాబు జంటగా ఆ వాద్యాన్ని కొనసాగిస్తున్నారు.

ఇక్కడి నుంచి కావేరికి ప్రయాణం కట్టడం చిన మౌలానాతో మొదలైంది కాదు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. అది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి కొసన, కంభం ప్రాంతంలో ఉన్న ఊరు పేరు. ఆయన పూర్వీకులు ఆ మెట్ట నేల నుంచి తంజావూరు సీమకు వెళ్ళినవాళ్ళే. ఆ ఊరిపేరు మోసిన వాగ్గేయకారుడి కీర్తనలను ఒంగోలు పక్కనుంచి వెళ్ళిన ముస్లిం విద్వాంసుడు శ్రీరంగంలో వాయించడం తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. పల్లెటూళ్ళలో పాట కచేరీ ముఖం చూడనివాళ్ళకు కూడా త్యాగయ్య కీర్తన వరస తెలుసంటే, అది గుడిలోనో పెళ్ళిలోనో సన్నాయి పుణ్యమే.

ఈ విద్యను మోసిన కుటుంబాల గురించి కూడా చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో సన్నాయి, డోలు రెండు వర్గాల ఇళ్ళలో బతికాయి. ఒకరు నాయీ బ్రాహ్మణులు, మరొకరు దూదేకుల, నూర్‌బాషా ముస్లింలు. దూదేకుల అన్న పేరులోనే వాళ్ళ కులవృత్తి ఉంది. విల్లు నారితో పత్తిని ఏకి దూది చేయడం. పత్తి పండే నేలలో పత్తిని ఏకే చేతులే గుళ్ళో సుప్రభాత వేళ సన్నాయి పట్టుకున్నాయి. గుడి లోపలి సంగీతం ఎవరిదన్న ప్రశ్నకు ఈ ఊళ్ళు ఏనాడో జవాబు చెప్పేశాయి. భద్రాచల రాముడి కోవెలలో ఏళ్ళ తరబడి నాదస్వరం వాయించిన ఉమ్మడి కృష్ణా జిల్లా గోసవీడు షేక్ హసన్‌కు 2022లో మరణానంతరం పద్మశ్రీ వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు చిన మౌలానా శిష్య దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు కలిపి అదే పురస్కారం ఇచ్చారు. సన్నాయి ఆడవాళ్ళ వాద్యం కాదన్న మాటను కాలీషాబీ తన ఊపిరితో చెరిపేశారు.

ఇంతకీ ఆ వాద్యంలో ఉన్న కష్టమేమిటి?

ముందు చెక్క సంగతి. తమిళులు ఆచ్చా అనే ఏపి మాను కలపతో సన్నాయి చేస్తారు. కొత్తగా కొట్టిన కలప కంటే పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే దూలాలూ స్తంభాలే మేలు. ఏళ్ళ తరబడి ఎండి తేమ పోయిన కలప మళ్ళీ బీటలివ్వదు. తంజావూరు జిల్లా నరసింగంపేటలో ఆ తొలిచే పని తెలిసిన కుటుంబాలున్నాయి. అక్కడి వాద్యానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్టి సన్నాయిని తిమిరి అంటారు. దాని గొంతు సన్నన, శ్రుతి హెచ్చు. రాజరత్నం పిళ్ళై పొడుగాటి బారీ వాద్యాన్ని వ్యాప్తిలోకి తెచ్చాక నాదం కిందికి దిగి గంభీరమైంది. చిన మౌలానా రికార్డుల్లో వినిపించే ఆ నిండుతనం బారీ సన్నాయిదే.

పీక కావేరి ఒడ్డున పెరిగే ఒకరకం రెల్లు జాతి గడ్డితో తయారవుతుంది. కోసి, ఆరబెట్టి, నానబెట్టి, మడిచి, దారంతో కట్టి, అంచును పలచగా చెక్కుతారు. తమిళంలో శీవాళి. నోట్లో ఊపిరి తగలగానే దాని రెండు పొరలు ఒకదానికొకటి తగిలి కంపిస్తాయి. నాదం పుట్టేది అక్కడే. ఒక పీక బాగా పలికిందని పక్కది పలకాలని లేదు. అందుకే సన్నాయి మెడలో దారాలకు నాలుగైదు పీకలు, వాటిని సరిచేసుకునే సన్నటి సూది వేలాడుతుంటాయి. దూరం నుంచి చూసేవాళ్ళు అవి అలంకారమనుకుంటారు.

వేళ్ళు ఆడే రంధ్రాలు ఏడు. కింద మరో అయిదు ఉంటాయి, వాటి మీద వేలు పడదు. అవసరమైతే వాటిలో కొన్నింటిని మైనంతో మూసి నాదాన్ని చక్కదిద్దుకుంటారు. ఏడు రంధ్రాల మీద పన్నెండు స్వరస్థానాలు, రెండున్నర స్థాయిలు పలకాలి, పైగా గమకం పలకాలి. నాటకాల హార్మోనియం మీద మెట్టు నొక్కితే స్వరం తానై వస్తుంది. సన్నాయిలో మెట్టు లేదు, మీట లేదు. రంధ్రాన్ని ఎంత మూయాలి, పెదవి ఎంత బిగించాలి, ఊపిరి ఎంత తోయాలి, ఈ మూడూ కుదిరితేనే స్వరం తన చోట నిలుస్తుంది. అదే రంధ్రం మీద అదే వేలుంచి, పెదవి బిగువుతో స్వరాన్ని కొద్దిగా ఎత్తవచ్చు, దించవచ్చు. తోడిలో గాంధారం ఊగే ఊపు, శహనలో రిషభం నిలిచే తీరు వేలితో మాత్రమే అయ్యే పని కాదు. సగం పెదవి చేస్తుంది.

ఊదడంలోనూ రెండు దారులున్నాయి. ఊపిరిని తెంచకుండా, గాత్రంలో అకారం పాడినట్టు ధారగా వదలడం ఒకటి. నాలుక కొసతో పీకను తడుతూ ప్రతి స్వరాన్ని విడివిడిగా పలికించడం రెండోది. దీన్ని తుత్తుకారం అంటారు. ఆలాపనలో మొదటిది, వేగంగా సాగే స్వరకల్పనలో రెండోది ఎక్కువ వినిపిస్తుంది. గొప్ప విద్వాంసుడు ఈ రెంటినీ ఒకే సంగతిలో కలుపుతాడు. ఒక పొడుగాటి షడ్జం నూనె ధారలా సాగి, చివర నాలుగు ముత్యాలు రాలినట్టు విడిపోయి ముగిస్తే, అది ఈ కలయికే.

పాత మేళాల్లో ఒత్తు అని ఇంకో సన్నాయి ఉండేది. దానికి స్వరాలు లేవు, శ్రుతి ఒక్కటే. ఒత్తు పట్టినవాడు ముక్కుతో గాలి పీల్చుతూనే బుగ్గల్లో దాచుకున్న గాలిని పీకలోకి వదిలేవాడు. గంట వాయించినా శ్రుతి తెగకూడదు. పిల్లలకు మొదట అప్పగించే పని అదే. రోజూ గంటల తరబడి ఒకే స్వరంలో కూర్చోవడంతో వాళ్ళ చెవికి శ్రుతి ఎముకలా పట్టేది. ఇప్పుడు ఆ చోట ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూర్చుంది. సౌకర్యమే, కాదనలేము. ఒత్తు దగ్గర కూర్చుని పెరిగే పిల్లవాడి చదువు మాత్రం దానితో పోయింది.

డోలు సంగతికొస్తే, పనసచెక్క పీపా, దానికి రెండు ముఖాలు. ఒకవైపు పుల్ల, ఇంకోవైపు గట్టి తొడుగులు వేసుకున్న వేళ్ళు. పుల్ల పడినప్పుడు మెరుపులా, వేళ్ళు పడినప్పుడు వాన చినుకుల్లా పలుకుతుంది. మృదంగం పాటకు పక్కన నడుస్తుంది. డోలు అలా కాదు, ఎదురు నిలిచి మాట్లాడుతుంది. ఆలాపన మధ్యలో సన్నాయి ఊపిరి తీసుకునే విరామాన్ని కూడా అందుకుని ఒక జతి వేసి వదులుతుంది. ఇంత బిగువైన వాద్యం కీర్తన మొదలుకాగానే సాహిత్యపు అక్షరాలకు ఒదిగి మెత్తబడడం చూడాలి. చరణం దగ్గర వేళ్ళు దాదాపు చర్మాన్ని నిమురుతున్నట్టే ఉంటాయి.

రెండు సన్నాయిలు, డోలు, తాళం, శ్రుతి. నలుగురైదుగురి మేళం. కర్ర పట్టుకుని నడిపించేవాడు లేడు, ముందు రాసుకున్న కాగితం లేదు. కన్ను, ఊపిరి, తల ఊపు ఇవే ఆజ్ఞలు. పడమటి దేశాల్లో నలుగురైదుగురు దగ్గరగా కూర్చుని వాయించే ఛాంబర్ సంగీతానికి ఇలాంటి కట్టుబాటే ప్రాణం. అమెరికాలో మార్ల్‌బరోలో 1951 నుంచి, ఫిన్లాండ్‌లో కుహ్మో అనే చిన్న ఊరిలో 1970 నుంచి ఆ సంగీతానికి వేసవి ఉత్సవాలు జరుగుతున్నాయి. అడవుల మధ్య ఉన్న ఆ ఊళ్ళకు శ్రోతలు దూరాల నుంచి ప్రయాణం కట్టి వెళతారు. తేడా ఏమిటంటే ఆ సంగీతం గది కోసం పుట్టింది, సన్నాయి ఆరుబయలు కోసం పుట్టింది. ఊరేగింపులో మైళ్ళు వినిపించాల్సిన గొంతు దానిది. అంత గొంతును అణిచి, గుసగుసగా నీలాంబరి రాగం పలికించడం అందుకే అంత పెద్ద విద్య. సన్నాయి దగ్గరగా విన్నవాడికే దాని మెత్తదనం తెలుస్తుంది. మైకు నాలుగు అంగుళాల దూరంలో పెట్టి, ఊరంతా స్పీకర్లు కట్టే నిర్వాహకులు ఆ మెత్తదనాన్నే ముందు చంపుతున్నారు. సన్నాయికి మైకు కావాలంటే కాస్త దూరంగా, మెడ ఎత్తుకు పైన ఒకటి చాలు.

పెళ్ళిలో మేళం పని అందరూ అనుకునేదానికంటే చాలా సూక్ష్మం. ఎదురుకోలుకు నడక ఉన్న రాగం, వధువును గంపలో తెచ్చేటప్పుడు ఒకటి, పంతులుగారు మంత్రం చదువుతుంటే మౌనం. జీలకర్ర బెల్లం వేళ ఆయన చెయ్యి పైకి లేవగానే గట్టిమేళం. తుమ్ములు, ఏడుపులు, అపశకునపు మాటలు ఆ క్షణాన ఎవరి చెవినా పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. సన్నాయి పైస్థాయి షడ్జం పట్టి వదలదు, డోలు ఉరుముతుంది. తలంబ్రాలకు హుషారైన పాటలు, ఎక్కువగా 1961 నాటి సీతారామ కల్యాణం సినిమాలోని కల్యాణం పాట. అప్పగింతల వేళ మేళం రాగం మార్చేస్తుంది. వధువు తల్లి కంట నీరు ముందు వచ్చిందా, సన్నాయిలో ఆ జీర ముందు వచ్చిందా చెప్పడం కష్టం. గంటల తరబడి సాగే ఈ క్రతువులో ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో ఎవరూ కాగితం మీద రాసివ్వరు. పంతులుగారి ముఖం చూసి పట్టాలి.

గొంతుకూ సన్నాయికీ ఉన్న దగ్గరితనం తెలియాలంటే తెలుగువాళ్ళకు ఒక పాత పాట చాలు. 1962లో కొంజుం సలంగై అనే తమిళ చిత్రం తెలుగులో మురిపించే మువ్వలుగా వచ్చింది. అందులో ఆభేరి రాగంలోని పాటకు కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరం వాయిస్తే, ఎస్. జానకి పాడారు. జానకి పుట్టింది రేపల్లె దగ్గర పల్లపట్లలో, అప్పటి గుంటూరు జిల్లాలో. సన్నాయి విసిరిన స్వరాన్ని ఆమె గొంతు అదే జారుతో, అదే బిగువుతో అందుకుని తిరిగి విసురుతుంది. సన్నాయి ఏం చేయగలదో ఆ గొంతు చూపించింది. గొంతు ఎంత నాజూకుగా తిరగగలదో సన్నాయి చూపించింది. వేసవిలో పందిట్లో కూర్చోబోయే ముందు ఆ పాట ఒకసారి విని వస్తే చెవి తయారవుతుంది.

ఇప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లో డీజే పెట్టెలు, కేరళ చెండలు వచ్చి చేరాయి. మేళాన్ని పిలిచేవాళ్ళు కూడా ముహూర్తం గంటకే పిలిచి, భోజనాల వేళకు పంపేస్తున్నారు. సన్నాయి వాయించే ఇంటి పిల్లలు వేరే ఉద్యోగాలకు వెళ్ళడంలో వింతేమీ లేదు. ఏడాదిలో కొన్ని నెలలే పని, ఆ పనిలోనూ వినేవాడు లేకపోతే చేతిలో విద్య చేతిలోనే ఆరిపోతుంది. తిరుపతిలో దేవస్థానం వాళ్ళు నాదస్వర, డోలు పాఠశాల నడుపుతున్నారు. అక్కడ నేర్చుకున్న పిల్లలకు గుళ్ళలో కొలువులు దొరికితే కొంత ఊరట. కానీ బడి నేర్పేది విద్యను. ఆ విద్యకు పదును పెట్టేది పందిరి, పందిట్లో ముందు వరసలో కూర్చుని సంగతి పడ్డప్పుడు తల ఊపే నలుగురు.

ఆ నలుగురిలో ఒకరు కావడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఈ నవమికి, ఈ పెళ్ళికి కాస్త ముందుగా వెళ్ళి మేళం పక్కన కూర్చోవాలి. వరపూజకూ ముహూర్తానికీ మధ్య, ముహూర్తానికీ భోజనాలకూ మధ్య ఖాళీ వేళలుంటాయి. అప్పుడు విద్వాంసుడి దగ్గరికి వెళ్ళి, సినిమా పాట అడగకుండా, "అయ్యా, కాస్త తోడి వాయిస్తారా" అని అడగాలి. ఆ మాట విని చాలా ఏళ్ళయిన మనిషి ముఖం ఎలా మారుతుందో అడిగినవాళ్ళకే తెలుస్తుంది. నిర్వాహకులు చేయాల్సింది ఇంకా చిన్న పని. కల్యాణం అయ్యాక, ఊరేగింపు బయల్దేరే ముందు, ఒక్క గంట స్పీకర్లు కట్టేసి మేళానికి వదిలేయడం.

సాయంత్రం ఎండ తగ్గాక సీతారాములు ఊరేగుతారు. ప్రతి గడప ముందూ పల్లకీ ఆగుతుంది, ఇంటావిడ బిందె నీళ్ళు వారబోసి, కొబ్బరికాయ, హారతి పళ్ళెం పట్టుకొస్తుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో సన్నాయి ఒక రాగం ఎత్తుకుంటుంది. కాంభోజి మొదలై నాలుగు సంగతులు పడతాయో లేదో, కర్పూరం ఆరుతుంది, పల్లకీ కదులుతుంది. మిగతా రాగం పక్కింటి గడప ముందు.